ఎందుకు? ఎలా? : బిగుసుకున్న బ్రేకు

పిల్లలూ! ట్రాక్టరుకు బ్రేకు పెడళ్ళు ఎన్ని ఉంటాయో తెలుసా? "ఒకటి" అన్నవాళ్ళు ఈసారి ట్రాక్టరు కనబడినప్పుడు, అది ఆగి ఉన్నప్పుడే సుమా, దగ్గరికి వెళ్ళి చూసి రండి. రెండుంటాయి! ఒకటి ఎడమవైపు పెద్ద చక్రాన్ని ఆపుతుంది, రెండోది కుడివైపు చక్రాన్ని.

ఇలా ఎందుకు పెట్టారంటారా? మీ చెల్లెలి చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పండి. మీరు ఉన్నచోటనే నిలబడితే, ఆ అమ్మాయి మీ చుట్టూ తిరుగుతుంది కదా! ట్రాక్టరూ అంతే. చాలు చివర ఒక చక్రాన్ని ఆపితే, రెండోది దాని చుట్టూ తిరిగి వస్తుంది. గట్టు ఎక్కకుండా, కాస్త చోటులోనే బండి మళ్ళుతుంది. కాని రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెండు పెడళ్ళనూ కొక్కెంతో కలిపి తీరాలి. కలపకుండా ఒక్కటే తొక్కినా, కలిపి తొక్కినప్పుడు ఒక బ్రేకు పట్టి రెండోది పట్టకపోయినా, ట్రాక్టరు గభాలున పక్కకు తిరుగుతుంది. వెనక తగిలించిన ట్రక్కు బరువు దాన్ని తోసి బోల్తా కొట్టించవచ్చు.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని, నేను చూసిన ఒక ముచ్చట వినండి.

ఒక కార్తీకమాసంలో నేను పిడుగురాళ్ళ దగ్గర ఒక పల్లెకు వెళ్ళాను. 1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీళ్ళు వదిలాక పల్నాటి నల్లరేగడిలో చాలాచోట్ల వరి వచ్చింది. వరితోపాటు దమ్ము వచ్చింది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు బురదలో గేదెలాగా ఈదుతుంది! ఆ ఊరి రైతు ఒకాయన దమ్ము పని ముగియగానే ట్రాక్టరును వేపచెట్టు కింద పెట్టి, కదలకుండా ఉండాలని హాండుబ్రేకు బిగించాడు. నెలన్నర వానలు కురిశాయి. తరవాత ఒకనాటి ఉదయం పత్తి బోరేలు జిన్నింగు మిల్లుకు తోలాలని ఇంజను వేస్తే, ట్రాక్టరు మూలిగింది గాని కదలలేదు. హాండుబ్రేకు వదిలినా ఎడమ పెడలు సగం కిందనే వేలాడుతోంది.

"పక్కవాళ్ళ ట్రాక్టరుకు మోకు కట్టి లాగిస్తే అదే వదులుతుంది" అన్నారు చుట్టూ చేరినవాళ్ళు. మోకు కూడా వచ్చింది. ఇంతలో మేస్త్రీ వచ్చాడు.

"లాగితే వదలనూ వచ్చు, లోపల పగలనూ వచ్చు. పగిలిన ముక్క ఎక్కడ ఇరుక్కుంటుందో నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాడాయన. మోకు పక్కన పెట్టారు.

ఆయన చేసిన మొదటి పని నాకు చాలా నచ్చింది. సుత్తి ముట్టుకోలేదు. ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టించాడు. పెడలునుంచి బ్రేకు పెట్టెలోకి పోయే కడ్డీ ఉంటుంది. దాని చీల ఊడదీశాడు. వెంటనే పెడలు టక్కున పైకి లేచింది!

"ఏరా అబ్బాయ్, ఏం తెలిసింది?" అని రైతు కొడుకును అడిగాడు. వాడు ఆరో తరగతి.

వాడు కాస్సేపు ఆలోచించి, "పెడలు మంచిదే, మేస్త్రీ తాతా. రోగం లోపలుంది" అన్నాడు.

చూశారా! ఒక్క చీల తీసేసరికి వెతకవలసిన చోటు సగమైంది. పెడలు అప్పటికీ లేవకపోతే, తుప్పు పట్టింది పెడలు తిరిగే ఇరుసులోనని తెలిసేది. దానికి మట్టి గోకి, నూనె పోసి, అటూ ఇటూ ఆడిస్తే సరిపోయేది.

జాకీ ఎత్తి, కింద చెక్కదిమ్మలు పెట్టి, ఎడమ బ్రేకు మూత తీశారు. లోపలేముందో చెబుతాను. తిరగలి మీకు తెలుసు కదా. రెండు తిరగలి రాళ్ళ లాంటి ఇనుప పళ్ళేలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయనుకోండి. వాటి మధ్య చిన్న చిన్న గుంటలు, ప్రతి గుంటలోనూ గోలీ అంత ఉక్కుగుండు. పెడలు తొక్కితే కడ్డీ ఆ పళ్ళేలను కాస్త మెలితిప్పుతుంది. అప్పుడు గుండ్లు గుంటల వాలు వెంట పైకెక్కి, పళ్ళేలను రెండు పక్కలకూ నెడతాయి. అవి పోయి, చక్రంతోపాటు తిరిగే బిళ్ళలను అదుముతాయి. ఆ రాపిడికి చక్రం ఆగుతుంది. కాలు తీయగానే స్ప్రింగులు పళ్ళేలను దగ్గరికి లాగుతాయి, గుండ్లు మళ్ళీ గుంటల్లోకి జారుతాయి.

ఇక్కడ ఆ గుండ్లు వాలు సగం ఎక్కి ఆగిపోయాయి. ఆపింది తుప్పు. ఇనుము నీటితోనూ, గాలిలోని ప్రాణవాయువుతోనూ కలిస్తే తుప్పవుతుంది. చెంచాడు ఇనుము తుప్పుగా మారితే రెండు చెంచాలకు పైగా చోటు కావాలి. మూసిన పెట్టెలో అంత చోటెక్కడిది? అందుకని సందులన్నిటిలోనూ కూరుకుపోతుంది. పైగా హాండుబ్రేకు బిగించి ఉండటంతో తడిసిన బిళ్ళలు ఇనుమును నెలన్నర అంటిపెట్టుకునే ఉన్నాయి.

(మీరూ చూడవచ్చు. రెండు ఇనుప మేకులు తీసుకోండి. ఒకదానికి నూనె పూయండి. రెండింటినీ సగం మునిగేలా ఉప్పునీళ్ళలో నిలబెట్టి, వారం రోజులు ఆగండి. మెరిసే పూత ఉన్న మేకులు మాత్రం పనికిరావు.)

మేస్త్రీ లోపలి దుమ్మును ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పాతకాలపు బ్రేకు బిళ్ళల్లో ఆస్బెస్టాసు అనే రాతినార కలిసేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. ఏ బిళ్ళలో ఏముందో చూసి చెప్పలేం గనక ఏ బ్రేకు దుమ్మునూ ఊదకూడదు. తరవాత పళ్ళేలనూ గుండ్లనూ కిరసనాయిలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, పొడిగా తుడిచాడు. బిళ్ళలను మాత్రం దూరంగా శుభ్రమైన కాగితం మీద పెట్టాడు. వాటి మీద నూనె పడితే బ్రేకు జారిపోతుంది. ఈ మధ్య చాలా ట్రాక్టర్లలో బ్రేకులు నూనెలోనే మునిగి ఉంటాయి. ఆ బిళ్ళలు అందుకని చేసినవే, వాటి సంగతి వేరు.

గుండ్ల గుంటల్లో అగ్గిపుల్ల కొనకు వచ్చేటంత గ్రీజు, అదీ వేడికి కరగని రకం, రాశాడు. సాగిపోయిన స్ప్రింగులు మార్చాడు. కడ్డీ లోపలికి పోయేచోట రబ్బరు తొడుగు చిరిగి ఉంది. బురద వచ్చిన దారి అదే! దాన్నీ మార్చాడు. "వానాకాలం నిలిపేటప్పుడు చక్రాల కింద దిమ్మలు పెట్టు, హాండుబ్రేకు వదిలెయ్యి" అని రైతుకు చెప్పాడు.

మధ్యాహ్నమైంది. రైతు బోరేల వంక చూస్తున్నాడు. కాని మేస్త్రీ ట్రక్కు తగిలించనివ్వలేదు. ట్రాక్టరును ఊరి బయట బీడులోకి తీసుకుపోయి, మెల్లగా నడిపి, కొక్కెంతో కలిపిన పెడళ్ళను ఒక్కసారి తొక్కాడు. నేల మీద రెండు చక్రాల గీతలు పడ్డాయి. కుర్రవాడు వంగి జానలతో కొలిచాడు. ఎడమది పన్నెండు, కుడిది తొమ్మిది.

"ఎడమది ముందు పట్టుతోంది" అని మేస్త్రీ ఆ వైపు నట్టు కొంచెం వదులు చేశాడు. రెండోసారి పదకొండు, తొమ్మిది. మళ్ళీ నట్టు తిప్పాడు. మూడోసారి కుర్రవాడు రెండు గీతలనూ రెండేసిసార్లు కొలిచి, "పది, పది!" అని కేకపెట్టాడు.

అప్పుడు ట్రక్కు తగిలించారు.