జాఫర్ (రజి) ఇంటి పిల్లలు

కొన్నేళ్ల క్రితం మా మద్రసాలో ఒక రోహింగ్యా బాలుడు చేరాడు. తొమ్మిదేళ్ల వయసుంటుంది. ఉర్దూ అంతంత మాత్రంగానే అర్థమయ్యేది గాని, నాజిరా పాఠం మాత్రం తప్పు లేకుండా అప్పగించేవాడు. ఒకరోజు మగ్రిబ్ తరువాత మా వీధిలో పెళ్లి బారాత్ వెళుతూ టపాసులు కాల్చారు. మేము తలెత్తి చూసేసరికి ఆ బాలుడు రెహల్ ముందు లేడు. చాపలు చుట్టి ఉంచిన మూలలో దూరి, చెవులు మూసుకుని వణికిపోతున్నాడు. తడిసిన అతని పైజామా చూసి తోటి పిల్లలు నవ్వారు.

మేము వారిని వారించలేదు. పైగా అతన్నే మందలించాము. "అల్లాహ్‌ను నమ్మినవాడు టపాసులకు భయపడతాడా? సబ్ర్ చెయ్యి" అన్నాము. ఆ తరువాత అతను పాఠం అప్పగించడం మానేశాడు. కొద్ది రోజులకు రావడమే మానేశాడు.

విచారించడానికి బాలాపూర్ పరిసరాల్లోని వారి గుడిసెకు వెళ్లాము. తల్లి పరదా వెనుక నుంచి నాలుగు మాటలే చెప్పింది. ఊరు తగలబడిన రాత్రి తుపాకుల మోతలోనే వారు పరుగు తీశారట. వెనుక వస్తానన్న తండ్రి రాలేదట. అది విన్నాక మాకు తల ఎత్తడానికి ముఖం లేకపోయింది. పిల్లవాడు భయపడింది బారాత్ టపాసులకు కాదు. దాన్ని విశ్వాస లోపమని తీర్మానించినవాళ్లం మేమే.

మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో 2017 ఆగస్టు 25 తరువాత సాగిన దమనకాండకు తాళలేక ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు చేరారు. వారిలో సగానికి పైగా పిల్లలే. అంతకు ముందు, 2012 నాటి హింస తరువాత కూడా ఎన్నో కుటుంబాలు ఊళ్లు విడిచాయి. అలా వచ్చినవారిలో కొన్ని వేల మంది మన హైదరాబాద్ శివార్లలో తలదాచుకున్నారు. వారికి మనం బియ్యం ఇచ్చాము, దుప్పట్లు ఇచ్చాము. అల్లాహ్ స్వీకరించుగాక! అయితే ఆ పిల్లల మనసులో మిగిలిన రాత్రిని గురించి అడిగినవారు మనలో ఎందరు?

ఆనాడు ఇంటికి తిరిగి వచ్చాక, ఇరవై ఏళ్లుగా మేము పాఠం చెబుతూ వచ్చిన ఒక ఉదంతం గుర్తుకు వచ్చింది. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధం జరిగింది. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) అందులో అమరులయ్యారు. ఆ రోజు మదీనాలో ఆయన సతీమణి హజ్రత్ అస్మా (రజి) పిండి తడిపి, పిల్లలకు స్నానం చేయించి, నూనె రాసి ఉంచారు. దైవప్రవక్త (స) స్వయంగా ఆ ఇంటికి వెళ్లారు. కబురు మరొకరి చేత పంపలేదు. పిల్లలను దగ్గరకు పిలిచి గుండెలకు హత్తుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆ కన్నీటిని ఆయన పిల్లల ముందు దాచుకోలేదు. ఆ తరువాత జాఫర్ ఇంటివారికి భోజనం వండి పంపమని తమవారిని ఆదేశించారు. దుఃఖంలో ఉన్న ఇంట పొయ్యి వెలిగించే తీరిక ఉండదని ఆయనకు తెలుసు.

ఆ ఇంటివారిని మూడు రోజులు ఏడ్వనిచ్చారు. మూడు రోజుల తరువాత మళ్లీ వచ్చి, ఇక శోకం చాలించమన్నారు. మంగలిని పిలిపించి పిల్లల తలలు గొరిగించారు. ఒక బాలుడిలో తమ పినతండ్రి అబూ తాలిబ్ పోలిక ఉందన్నారు. మరొకరు రూపంలోనూ గుణంలోనూ తమనే పోలి ఉన్నారన్నారు. తల్లి పిల్లల అనాథ స్థితిని తలచుకున్నప్పుడు, వారి సంరక్షకుణ్ణి నేనేనని ఆమెకు ధైర్యం చెప్పారు.

ఈ క్రమాన్ని గమనించండి. మొదట దగ్గరితనం, తరువాత కన్నీరు, తరువాత అన్నం, ఆపైన కొంత గడువు. అది తీరాక నిత్యజీవితంలోకి తిరిగి నడక, పిల్లవాడికి తన విలువ తెలిపే మాట, చివరగా శాశ్వతమైన అండ. మేము పిల్లవాడికి సబ్ర్ బోధించాము గాని, దానికి ముందున్న మెట్లన్నీ వదిలేశాము. యూసుఫ్ (అలై) కోసం ఏడ్చి ఏడ్చి చూపు కోల్పోయిన యాఖూబ్ (అలై) గారి సహనాన్ని ఖుర్ఆన్ సుందరమైనదిగానే పరిచయం చేస్తున్నది. కనుక కన్నీరు సబ్ర్‌కు విరోధి కాదు.

నేటి నిపుణులు చెబుతున్నదీ ఈ క్రమానికి దూరమైనది కాదు. విపత్తులలో మానసిక ఆసరా గురించి అంతర్జాతీయ సహాయ సంస్థలు కలిసి 2007లో రూపొందించిన మార్గదర్శకాలు దానిని నాలుగు అంతస్తులుగా చూపాయి. అడుగున అన్నం, నీడ, భద్రత. దానిపైన కుటుంబం, ఇరుగుపొరుగు, పాఠశాల, ప్రార్థనా స్థలం. ఆపైన శిక్షణ పొందిన కార్యకర్తల సాయం. శిఖరాన వైద్యులు. అంటే అత్యధికులకు కావలసిన ఆసరా మనలాంటి సామాన్యుల చేతుల్లోనే ఉన్నదన్నమాట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో శిశు సదనాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్ కూడా, బాంబుల కన్నా తల్లి నుంచి ఎడబాటే పసివాళ్లను ఎక్కువగా కుంగదీసిందని గమనించారు. కాబట్టి బిడ్డను ఆదుకోవాలంటే ముందు ఆ తల్లిని ఆదుకోవాలి.

మరి మనం ఏమి చేయగలం? పక్క తడపడం, పీడకలలు, కారణం లేని కడుపునొప్పి, తల్లి కొంగు వదలకపోవడం, ఒకే ఆటను మళ్లీ మళ్లీ ఆడడం వంటివి పెంకితనం కావు. జిన్ను పట్టిందంటూ తాయెత్తుల వెంట పరుగెత్తవద్దు. కొట్టవద్దు, నవ్వవద్దు. జరిగినదంతా చెప్పమని పిల్లవాణ్ణి బలవంతపెట్టవద్దు. తానై చెప్పినప్పుడు మాత్రం మధ్యలో అడ్డు తగలక వినండి. పాఠం, ఆట, భోజనం, నిద్ర రోజూ ఒకే వేళకు జరిగేలా చూడండి. రేపు ఏమి జరుగుతుందో తెలియడమే ఆ బిడ్డకు పెద్ద ధైర్యం. తల్లిని మీ ఇంటి స్త్రీలు పలకరించాలి. వారానికి ఒకసారి కూర గిన్నెతో వెళ్లి పది నిమిషాలు కూర్చున్నా చాలు. వారాలు గడిచినా తిండి, నిద్ర కుదుటపడకపోయినా, చనిపోతానన్న మాట వచ్చినా ఆలస్యం చేయక వైద్యుడికి చూపించండి. టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. చికిత్స పొందడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

మరొక మాట. గాజా దృశ్యాలను మన పిల్లలు ఫోనులో ఒంటరిగా చూస్తున్నారు. ఆ చిత్రాలు వారి నిద్రలోకీ వస్తాయి. పసివాళ్లకు వాటిని చూపకండి. పెద్ద పిల్లలు చూస్తే పక్కన కూర్చోండి. తరువాత కలిసి దువా చేయండి. వారి చేతులతోనే కొంత సదఖా ఇప్పించండి. ఏమీ చేయలేమన్న దిగులుకు అది మంచి మందు.

ఆ బాలుడి గుడిసెకు మేము మళ్లీ వెళ్లాము. తోటి విద్యార్థులను వెంట తీసుకెళ్లాము. తప్పు మాదని అతనితో చెప్పాము. అతను ఏమీ అనలేదు. తరువాతి వారం వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. మా వీధిలో పెళ్లి ఉన్న రోజు బారాత్ వేళ ముందే కనుక్కుని అతనికి చెబుతూ వచ్చాము. చప్పుడు మొదలవగానే అతను వచ్చి మా పక్కన కూర్చునేవాడు. మేము మౌనంగా అతని చెయ్యి పట్టుకునేవాళ్లం. వణుకు పూర్తిగా పోలేదు. కాని అతను మళ్లీ ఆ మూలకు పోలేదు.

అనాథ తల నిమిరే చేతులను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.