ఆలుమగలకు ఐటీ ఫారం: ముందు పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో చూడండి



ఇన్‌కం ట్యాక్స్ రిటర్నుల సీజన్ వస్తే ఊళ్లో ఒకటే మాట. "వ్యవసాయానికి పన్ను లేదు కదా, రాయడం దేనికి?" పన్ను లేని మాట నిజమే. రాయక్కర్లేదు అనుకోవడమే తప్పు. మనవాళ్లు పన్ను దగ్గర కన్నా ఫారం దగ్గరే ఎక్కువ దెబ్బ తింటున్నారని నేనంటాను.

మన దేశంలో భార్యాభర్తలకు కలిపి ఒకే రిటర్ను ఉండదు. ఎవరి పాన్ వాళ్లది, ఎవరి ఫారం వాళ్లది. భర్త రైతు, భార్య టీచరమ్మ అనుకుందాం. పొలమంతా ఆయన పేరునే ఉండి, ఆమెకు జీతం తప్ప వేరే ఆదాయం లేకపోతే ఐటీఆర్-1, అదే సహజ్, సరిపోతుంది.

అదే ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు ఉన్నాయనుకోండి. కౌలుకిచ్చినా సరే, ఆ కౌలు డబ్బు ఆమె వ్యవసాయ ఆదాయమే. ఏడాదికి 5,000 రూపాయలు దాటిందా, సహజ్ పనికిరాదు. ఐటీఆర్-2 వేయాలి. భర్త తన పొలాన్నే ఊరికే భార్య పేరున రాసిస్తే మాత్రం లెక్క వేరు. ఆ ఆదాయం మళ్లీ భర్త ఖాతాలోకే వస్తుంది.

పాడి ఉన్న ఇళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాలమ్మిన డబ్బు, కోళ్ల ఫారం డబ్బు వ్యవసాయ ఆదాయం కిందికి రావు, అవి వ్యాపారం. చిన్న వ్యాపారానికి ఐటీఆర్-4, అంటే సుగమ్, వేసేస్తుంటారు. దానికీ అదే 5,000 గీత. పొలం ఆదాయం అది దాటితే ఐటీఆర్-3కి పోవాల్సిందే.

ఇప్పుడు నా అసలు గొడవ ఈ 5,000 మీదే. 2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369. రెండు క్వింటాళ్లకే 4,738 అయింది. ఖర్చులు తీసేసినా ఎకరం ఉన్నవాళ్లు కూడా గీత దాటేస్తారు. ఐటీఆర్-2లో భూమి ఏ జిల్లాలో ఉంది, ఎంత ఉంది, సొంతమా కౌలా అన్న వివరాలు 5 లక్షలు దాటితేనే అడుగుతారు. అంటే 5 లక్షల లోపు ఆదాయాన్ని సర్కారే చిన్నదిగా చూస్తోంది. మరి ఫారం మార్చడానికి 5,000 గీత ఏంటి? కనీసం లక్షకైనా పెంచాలి. రైతు సంఘాలు ఈ మాట గట్టిగా అడగాలి.

అది పెరిగేదాకా మాత్రం నెట్ సెంటర్‌లో "4,900 అని వేసెయ్" అనే పని మానుకుందాం. జీతం మీద పన్ను పడేవాళ్లకు పొలం ఆదాయాన్ని రేటు లెక్కలో కలుపుతారు, పన్ను కాస్త పెరగొచ్చు, దాచను. అయినా రేపు ప్లాటు కొన్నప్పుడో, బ్యాంకులో పెద్ద మొత్తం వేసినప్పుడో ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే ఏం చూపిస్తాం? ఏళ్ల తరబడి 4,900 రాసినవాడు పంట డబ్బు అంటే ఎవరు నమ్ముతారు? పైగా తప్పు ఫారం అయితే డిఫెక్టివ్ నోటీసు రావచ్చు. 15 రోజుల్లో సరిచేయకపోతే రిటర్ను వేయనట్టే లెక్కగడతారు.

వెళ్లేటప్పుడు ఇద్దరి పాస్‌బుక్కులు, కౌలు కాగితం, పంట అమ్మిన రసీదులు, పాల బిల్లులు పట్టుకెళ్లండి. ఏ ఫారం వేస్తున్నావు, ఎందుకు వేస్తున్నావు అని అడగండి. చెప్పలేనివాడి చేతికి ఓటీపీ ఇవ్వకండి.