మన హక్కులు: ఆసుపత్రి మంచము మీద సంతకము పెట్టకండి



కూలి పనికో, చదువుకో, వైద్యమునకో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి పట్టణములకు మనుషులను పంపని పల్లె కుటుంబము నేడు అరుదు. అక్కడి రోడ్డు మీద లారీయో కారో గుద్ది మనవారు మంచాన పడినప్పుడు మన సంఘములలో ఒక మాట వినిపిస్తుంది: "డ్రైవరును క్షమించేశామండి, ఇక కేసు ఎందుకు?" ఈ నెల దీనిని గూర్చి ఆలోచిద్దాము.

క్షమించడము మంచిదే. కాని నష్టపరిహారము అడగడము పగ తీర్చుకోవడము కాదు. ఒకని గాయపరచినవాడు, ఆ మనిషి పని చేయలేని దినములకు సొమ్మిచ్చి, బాగయ్యేవరకు వైద్యము చేయించాలని నిర్గమకాండము 21వ అధ్యాయములోనే ఉన్నది. పైగా రోడ్డెక్కే మోటారు వాహనములకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. అది ఉంటే సాధారణముగా సొమ్ము చెల్లించేది ఇన్సూరెన్సు కంపెనీయే. డ్రైవరు మీద కోపము పెట్టుకోకుండానే మన బిడ్డకు రావలసినది అడుగవచ్చును.

ముందు ప్రాణము చూడాలి. 112కు ఫోను చేయండి. 2025 మే నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకము ప్రకారము, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ప్రమాదము జరిగిన నాటి నుండి ఏడు రోజుల వరకు, లక్షా యాభై వేల రూపాయల మేరకు డబ్బు కట్టకుండా వైద్యము పొందవచ్చును.

తరువాత కాగితములు. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితముగా తీసుకోండి. బండి నంబరు, గాయముల సర్టిఫికెట్టు, డిశ్చార్జి కాగితములు, మందుల చీటీలు, బిల్లులు ఒక సంచిలో భద్రపరచండి.

ఈ సమయములోనే కొందరు మంచము దగ్గరకు వచ్చి, కొద్ది నోట్లు చేతిలో పెట్టి, రాజీ కాగితము మీద సంతకమో వేలిముద్రో అడుగుతారు. పెట్టకండి. కాలు మళ్ళీ ఆనుతుందో లేదో డాక్టరే చెప్పలేని రోజున, దానికి వెల కట్టడము ఎవరి తరము?

పరిహారము కొరకు మోటారు ప్రమాదముల ట్రిబ్యునల్‌లో అర్జీ వేయాలి. ప్రమాదము పట్టణములో జరిగినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణ ఇందుకు ఆరు నెలల గడువు పెట్టినది గనుక ఆలస్యము చేయకండి.

కూలివానికి జీతపు చీటీ లేదే అని దిగులుపడవద్దు. చేసే పనిని బట్టి ట్రిబ్యునల్ ఆదాయము లెక్క కడుతుంది. 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ సంగతి విడమరచి చెప్పినది: చేయి పోయిన వడ్రంగికి బ్రతుకుతెరువే దాదాపు పూర్తిగా పోవచ్చును, అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగము నిలువవచ్చును. కాబట్టి గాయపడిన మనిషి చేసే పని ఏమిటో, ఇప్పుడు ఏది చేయలేడో వివరముగా చెప్పండి.

గుద్దిన బండి ఏదో తెలియకపోయినా దారి ఉన్నది. ప్రమాదము జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేస్తే తీవ్ర గాయమునకు 50,000, మరణమునకు 2,00,000 రూపాయలు వస్తాయి.

వకీలు ఫీజుకు భయపడకండి. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేయవచ్చును. వచ్చే పరిహారములో వాటా అడిగేవారికి ఒప్పుకోవద్దు. వకీలు అలా వాటా తీసుకోవడము బార్ కౌన్సిలు నియమములకు విరుద్ధము. లోక్ అదాలత్‌లో త్వరగా తేలడము మేలే గాని, అక్కడ ఒప్పుకున్నదానిపై అప్పీలు ఉండదు. ఇకముందు చేయించవలసిన ఆపరేషను ఖర్చు కూడ లెక్క చూసుకొని ఒప్పుకోండి.

గాయపడినవారిని ప్రార్థించి పరామర్శించి వస్తున్నాము. ఈసారి చదువు వచ్చిన యౌవనస్థుడొకడు ఆ కాగితముల సంచి పట్టుకొని, వారికి తోడుగా కోర్టు వరకు వెళ్ళేటట్టు సంఘ పెద్దలు చూడాలని మా మనవి.