ఆడినవాళ్లను ఆఫీసు బల్లకు కట్టేయొద్దు

చైనా పురుషుల ఫుట్‌బాల్ జట్టు ప్రపంచ కప్ ఆడింది ఒకే ఒక్కసారి, 2002లో. ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోలు కూడా కొట్టలేదు. ఆ జట్టులో మిడ్‌ఫీల్డర్ లీ తియ్. ఆ ఏడాదే ఇంగ్లండు వెళ్లి ఎవర్టన్ క్లబ్బుకు ఆడి పేరు తెచ్చుకున్నాడు. బూట్లు విప్పాక కోచ్ అయ్యాడు. 2020 జనవరిలో జాతీయ జట్టు పగ్గాలే అతని చేతికి వచ్చాయి. 2024 డిసెంబర్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. కోచ్ పదవి కోసం 30 లక్షల యువాన్ల లంచం ఏర్పాటు చేశానని, మ్యాచ్‌ల ఫలితాలు ముందే కుదుర్చుకున్నానని ప్రభుత్వ టీవీ కెమెరా ముందు అతనే ఒప్పుకున్నాడు. ఆ దేశ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడిగా వెలగబెట్టిన చెన్ షుయువాన్‌కు అంతకుముందే యావజ్జీవం పడింది.

ప్రపంచ స్థాయి కోచ్‌లను కొనగలిగిన దేశం, తన ఆటగాడిని నిజాయతీగల కోచ్‌గా నిలబెట్టుకోలేకపోయింది. ఆ పని ఎలా చేయాలో మన తెలుగు నేలకు 70 ఏళ్ల కిందటే తెలుసు. తెలిసీ మరిచిపోవడమే మనం చేసిన ఘనకార్యం.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. కాలేజీ రోజుల్లో ఆడారు, ఆ తర్వాత బడిపంతులయ్యారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943 నుంచి కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి ఆయనే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పును మరొకరికి దక్కనివ్వలేదు. కలకత్తా పెద్ద క్లబ్బుల ఆధిపత్యం చెల్లుతున్న రోజుల్లో ఈ ఘనత ఒక ఖాకీ జట్టుది.

ఆయన పనితీరు కాస్త దగ్గర నుంచి చూడాలి. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో పోటీలు పెట్టేవారు. బంతి కాలికి తగిలీ తగలకముందే పక్కవాడికి అందించాలి. వాటం లేని కాలితోనే తన్నాలంటూ ఇంకో పోటీ. పొట్టివాళ్ల కోసం ప్రత్యేకంగా మరొకటి. వీటిలో దేనికీ కోట్లు ఖర్చు కాలేదు. ఒక మైదానం, నాలుగు బంతులు, ఆట లోతు తెలిసిన ఒక మాస్టారు ఉంటే చాలు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరారు, నాలుగో స్థానంలో నిలిచారు. రెండు చోట్లా కోచ్ రహీమే. ఓటమి తర్వాత ఆయన్ను సాగనంపలేదు, దిద్దుకునే వ్యవధి ఇచ్చారు. ఇప్పటి క్రీడా సంఘాల్లో ఆ ఓపిక ఎక్కడుంది?

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. పైగా ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వని ఇండోనేషియా తీరును మన అధికారి ఒకరు తప్పుబట్టడంతో స్థానికులు మన జట్టంటేనే మండిపడుతున్నారు. థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. మరో కోచ్ అయితే అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీమ్ మాత్రం సెమీస్‌లో అతన్ని వెనక వరస నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు తోశారు. జర్నైల్ సెమీస్‌లో గోలు కొట్టాడు. సెప్టెంబర్ 4న అదే కొరియాతో ఫైనల్లో, లక్షమంది గేలి చేస్తుండగా, మళ్లీ కొట్టాడు. పీకే బెనర్జీది మరో గోలు. 2-1తో స్వర్ణం. 1951 ఢిల్లీ తర్వాత రహీమ్‌కు అది రెండో ఆసియా స్వర్ణం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఆయన వెళ్లిపోయారు.

ఆయన చేతికింద ఆడిన పీకే బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీలు వచ్చాయి. గురువుకు ఏదీ రాలేదు. ద్రోణాచార్య పురస్కారం పుట్టింది 1985లో, అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వస్తే గానీ మనలో చాలామందికి ఆయనెవరో తెలియలేదు. కథ మన ఊరిది, తీసింది బొంబాయివాళ్లు!

రహీమ్‌తోనే ఆ పరంపర ఆగిపోలేదు. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ జపాన్‌ను ఓడించి కాంస్యం గెలిచింది. ఆ క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు నేటికీ అదే చివరి పతకం. కోచ్‌గా మారిన నయీమ్ 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్‌ఏ షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే ఏడాది గెలిపించారు. జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ అందుకున్నారు. 2007లో బంగ్లాదేశ్ తన జాతీయ జట్టును ఆయనకే అప్పగించింది. షబ్బీర్ అలీ కూడా హైదరాబాద్ గల్లీల నుంచే వచ్చారు. ఆయన కోచ్‌గా ఉన్న సాల్గావ్‌కర్ 1998-99లో జాతీయ లీగ్ గెలిచింది.

ఆ తర్వాత? ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని చివరిసారి అందుకున్నది 1965-66లో. అదే ట్రోఫీ ఫైనల్ 2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో జరిగితే ఆడింది బెంగాల్, కేరళ. మనవాళ్లు చూసి చప్పట్లు కొట్టారు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది, సంతోషమే. కోచ్ మాత్రం స్పెయిన్ దేశస్తుడు మనోలో మార్కెజ్. మూడేళ్లకే ఆ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. కోచ్ అరువు, క్లబ్బు అరువు. వాళ్లు వెళ్లిపోయాక మన దగ్గర మిగిలింది గ్యాలరీ.

లోపం పిల్లల్లో లేదు. అనంతపురం చూస్తే తెలుస్తుంది. వానలు ముఖం చాటేసే ఆ జిల్లాలో, విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన ఆర్డీటీ సంస్థ నడిపే క్రీడా ప్రాంగణంలో పల్లె పిల్లలు, ఆడపిల్లలు సహా, బూట్లు కట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నారు. స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ చేయూత అక్కడికి వచ్చింది. అక్కడ సాధ్యమైంది తిరుపతిలో, చిత్తూరులో ఎందుకు కాదు?

ఎందుకంటే ప్రభుత్వానికి ఫుట్‌బాల్ ఒక ఆటలాగే కనిపించడం లేదు. 2023 డిసెంబర్‌లో అంత ఆర్భాటంగా మొదలెట్టిన ‘ఆడుదాం ఆంధ్ర’లో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఉన్నాయి. ఒక బంతి తప్ప మరేదీ అడగని ఫుట్‌బాల్‌కు చోటు లేదు. ప్రభుత్వం మారింది, 2024-29 క్రీడా విధానం వచ్చింది, ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా రెండు నుంచి మూడు శాతానికి పెరిగింది. మంచి నిర్ణయమే. అసలు చిక్కు ఉద్యోగంలో చేరాక మొదలవుతుంది. పదేళ్లు మైదానంలో చెమటోడ్చిన కుర్రాడిని తీసుకొచ్చి ఫైళ్ల ముందు కూర్చోబెడతారు. అతని అనుభవం ఆ బల్ల కిందే చెదలు పట్టిపోతుంది. అటు బడిలో ఒకే పీఈటీ సారు అన్ని ఆటలకూ దిక్కు. పరీక్షలొస్తే ఇన్విజిలేటరు, ఎన్నికలొస్తే పోలింగ్ అధికారి.

ఈ పత్రిక డిమాండ్ సూటిగానే ఉంది. కోటాలో ఉద్యోగం పొందిన ప్రతి ఫుట్‌బాల్ ఆటగాడికీ, ఆట మానే వయసు రాగానే, అదే జీతంతో, అదే సర్వీసు కింద కోచ్‌గా మారే దారి చట్టబద్ధంగా తెరవాలి. భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సు నుంచి మొదలెట్టి పైమెట్లు ఎక్కేందుకు అతనికి జీతంతో కూడిన సెలవివ్వాలి, ఫీజు సర్కారే కట్టాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నిలబెట్టింది ఇలాంటి ఏర్పాటే: ఆటగాడికి కొలువు, పైన ఆట ఎరిగిన గురువు, మధ్యలో అడ్డుపడని అధికారి. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

క్రికెట్ మోజులో మునిగిన జనానికి ఇవన్నీ ఎందుకని కొందరంటారు. జనం మోజును బట్టే అయితే బ్యాడ్మింటన్‌లో పుల్లెల గోపీచంద్ అకాడమీ పుట్టేదే కాదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన ఆటగాడు రాకెట్ పక్కన పెట్టి కోచ్‌గా నిలబడ్డాకే సైనా, సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చారు. గెలిచేవాళ్లు కనిపిస్తే మోజు దానంతటదే వస్తుంది. జాతీయ ఫుట్‌బాల్ జట్టుకూ 2025 ఆగస్టులో, 13 ఏళ్ల తర్వాత, ఒక భారతీయుడే కోచ్ అయ్యాడు. ఒకప్పుడు దేశానికి ఆడిన ఖాలిద్ జమీల్, 2016-17లో మిజోరంలోని చిన్న క్లబ్బు ఐజ్వాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలిపినవాడు.

ఇచ్చే అధికారానికి లెక్క కూడా అడగాలి. లీ తియ్ ఉదంతం మనకు పనికొచ్చేది ఇక్కడే. అక్కడ కోచ్ పదవికి ధర పలికింది, అమ్మింది సంఘం పెద్దలే. ఇక్కడ కోచ్‌ల నియామకం ఎమ్మెల్యే సిఫార్సు చీటీ మీదో, సంఘం కార్యదర్శి బంధుత్వం మీదో నడిస్తే అదే వ్యాపారం చిల్లరగా సాగుతుంది. లైసెన్సు ఉన్నవారికే పోస్టు, ఎంపిక జాబితా బహిరంగంగా, ఏటా పనితీరు సమీక్ష; ఈ మూడింటిలో ఒక్కదానికీ సడలింపు ఉండకూడదు.

తిరుపతిలో దీనికి కొత్త స్టేడియం కట్టక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియం ఉంది. 2014 ఏప్రిల్ 30న నరేంద్ర మోదీ ఎన్నికల సభ దగ్గర నుంచి అక్కడ జరగని రాజకీయ సభ లేదు. టీటీడీ కాలేజీలు ఎస్వీ ఆర్ట్స్, ఎస్‌జీఎస్, పద్మావతి మహిళా కళాశాల ఉన్నాయి. చిత్తూరులో మెసానికల్ గ్రౌండ్, మదనపల్లెలో బీటీ కాలేజీ మైదానం ఉన్నాయి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా టీటీడీ, యూనివర్సిటీ చెరో లైసెన్సు ఉన్న ఫుట్‌బాల్ కోచ్‌ను శాశ్వత ప్రాతిపదికన నియమించాలి. అందులో ఒకరు మహిళ కావాలి. సభలకు మైదానం అద్దెకిచ్చే ముందు ఆ కోచ్ సంతకం తప్పనిసరి చేయాలి.