జీపు తల ఊపుతోందా?

గూడూరులో పాత జీపున్న వాళ్లకి రెండు రోడ్లు పరీక్ష పెడతాయి. ఒకటి సైదాపురం వైపు అభ్రకం గనుల దారి. రెండోది చెన్నై-కోల్‌కతా హైవే. గనుల దారిలోని గుంతలు ముందు యాక్సిల్ కీళ్లను అరగదీస్తాయి. ఆ సంగతి బయటపడేది మాత్రం హైవే ఎక్కాకే! అప్పటిదాకా బుద్ధిగా నడిచిన బండి కాస్త వేగం అందుకుని చిన్న గతుకు తగలగానే ముందు చక్రాలను గజగజా ఊపేస్తుంది. స్టీరింగ్ చేతుల్లో నిలవదు. పక్కనే లారీ ఉందంటే... ఊహించుకోండి.

మర్నాడు చాలామంది నేరుగా షెడ్డుకెళ్లి స్టీరింగ్ డ్యాంపర్ బిగించమంటారు. చేతిలో డబ్బులుంటే పవర్ స్టీరింగూ పెట్టించేస్తారు. వణుకు తగ్గుతుంది. కానీ జ్వరమెందుకొచ్చిందో చూడకుండా మాత్ర మింగినట్టే. లోపల అరుగుదల అలాగే పెరుగుతుంటుంది.

విల్లీస్ నమూనా పాత జీపుల్లో స్టీరింగ్ బాక్సు నుంచి కదలిక డ్రాగ్ లింకు ద్వారా బెల్ క్రాంకుకు వస్తుంది. అక్కణ్నుంచి రెండు టై రాడ్లు చెరో చక్రాన్నీ తిప్పుతాయి. ఇన్ని కీళ్లలో ఒక్కోటీ కొంచెం అరిగినా, అన్నీ కలిసి స్టీరింగ్ దగ్గర బెత్తెడు లూజు అవుతుంది.

లోపం ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు. బండి నేలమీదే ఉంచి ఒకరిని స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమనండి. మీరు కింద పడుకుని ఏ కీలు ఆలస్యంగా కదులుతోందో గమనించండి. తర్వాత చక్రాన్ని జాకీతో లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండు పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఆట ఆగిపోతే తప్పు వీల్ బేరింగుది. ఆగకపోతే కింగ్‌పిన్‌ది!

బాగుచేయడానికీ ఓ వరుస ఉంది. మొదట కింగ్‌పిన్ బేరింగులు, వాటి షిమ్ములు. తర్వాత టై రాడ్ ఎండ్లు, బెల్ క్రాంకు బుష్షులు, పట్టీల బుష్షులు. చివర్లో చక్రాల అలైన్‌మెంట్. అప్పటికీ సరిపోకపోతేనే లావుపాటి టై రాడ్డు, పవర్ స్టీరింగ్. పవర్ బాక్సు బిగించే చోట చాసిస్‌కు గట్టి ప్లేటు తప్పనిసరి. లేదంటే అక్కడే పగులుతుంది. వంగిన టై రాడ్డును కాల్చి సాపు చేయించడం, విరిగితే వెల్డింగ్ పెట్టించడం ప్రాణాలతో చెలగాటమే. నట్టు విప్పిన ప్రతిసారీ కొత్త స్ప్లిట్ పిన్ వేయించండి. అది రూపాయల్లో దొరికే ప్రాణరక్ష!

చట్టాన్నీ మరవొద్దు. కంపెనీ ఇచ్చిన నిర్మాణానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అరిగిన భాగం స్థానంలో అలాంటిదే వేస్తే ఇబ్బంది లేదు. అంతకుమించి మార్చేముందు ఆర్టీవో కార్యాలయంలో ఓ మాట అడగండి.

పాత జీపంటే ప్రేమా? అయితే ముందు దాని కింద పడుకోండి. ఎక్కి తిరగడం ఆ తర్వాత!