గృహిణీ ప్రసంగము: క్రిస్మసు పండుగ సన్నాహము



మార్గశిరము నడచుచున్నది. కృష్ణా గోదావరీ తీరములలో వరికోతలు సాగుచున్నవి. ఇక కొన్ని దినములలో ధనుర్మాసము ప్రవేశించును. అప్పుడు మన వీధులలో ఒక యింటి ముంగిట గొబ్బెమ్మలపై గుమ్మడిపూవులు నవ్వుచుండగా, దాని ప్రక్కయింటి చూరున రంగుకాగితపు నక్షత్రము వెలుగుచుండును. ఈ రెండును ఒక్క వీధిలో ఒక్క కాలమున కనబడుట తెలుగుదేశపు భాగ్యమని మేము తలంచుదుము. సంక్రాంతిని గూర్చి వ్రాయుటకు ముందు క్రిస్మసు పండుగను గూర్చి వ్రాయుడని కొందరు సోదరీమణులు కోరినారు. ఇంటినెట్లు అలంకరింపవలెను, ఏమేమి వండవలెను, పిల్లలకే యాచారములు నేర్పవలెను అని వారి ప్రశ్నలు. వానికి ఉత్తరము చెప్పుటకు ముందు వారడుగని ప్రశ్న యొకటి మేమే యడుగవలసియున్నది.

డిసెంబరు 24వ తేదీ రాత్రి దేవాలయపు గంట మ్రోగునప్పుడు ఇంటి యిల్లాలెచ్చట నున్నది?

మేము చిన్నతనమునుండి చూచుచున్నాము. పురుషులు ఇస్త్రీబట్టలు ధరించి గుమ్మము వద్ద తొందరపడుచుందురు. పిల్లలు క్రొత్త చెప్పులు చప్పుడగునట్లు తిరుగుచుందురు. ఇల్లాలు మాత్రము బాణలి ముందు కూర్చుండి, మీరు నడువుడు, ఈ వాయి దింపి వచ్చెదనని చెప్పును. ఆ వాయి తరువాత మరియొక వాయి. తెల్లవారి యారాధనకు వచ్చినను కన్నులు మూతలు పడుచుండును. పాటలో ఆమె గొంతు వినబడదు. మధ్యాహ్నము అందరికిని వడ్డించి మూడుగంటలకు చల్లారిన యన్నము తినును. పండుగ యెట్లు జరిగినదమ్మా యని యడిగినచో నడుమునొప్పి సంగతి చెప్పును. ఇది యొక్క మతమువారి యిండ్లలోనే గలది కాదు. దీపావళికిని సంక్రాంతికిని ఇదియే కథ. కావున మా సన్నాహములో మొదటి నియమమిది: 24వ తేదీ మధ్యాహ్నము రెండుగంటలకు పిండివంటల పొయ్యి ఆరిపోవలెను. తక్కినదంతయు ఆ గంటనుండి వెనుకకు లెక్కించుకొని అమర్చుకొనవలెను.

ఇందులకు క్రైస్తవుల పంచాంగమే తోడ్పడును. పండుగకు ముందుగా నాలుగు ఆదివారములు ఆగమనకాలమని పాటింతురు. వానిలో మొదటిది నవంబరు 27కును డిసెంబరు 3కును నడుమ వచ్చును. మొదటి వారమున బూజులు దులుపుట, సున్నము వేయుట, పెట్టెలలోని దుప్పట్లు ఎండవేయుట ముగించినచో రెండవవారమునుండి అలంకారమునకు చేతులు ఖాళీయగును. పండుగ రేపనగా సున్నపుబొక్కెన పట్టుకొను ఇండ్లున్నవి. ఆ యిండ్ల గోడలు తెల్లబడును గాని, ఇల్లాలి ముఖము నల్లబడును.

అలంకారములో తలమానికము నక్షత్రము. బజారులో మడత విప్పగానే నిలుచు నక్షత్రములు దొరకుచున్నవి. అవి చెడ్డవని మేమనము. గాని పిల్లలున్న యింట ఒక్కటియైనను చేతితో చేయదగును. దాని రీతి చెప్పుదుము. మూడడుగుల పొడవున సమానముగా చీల్చిన వెదురుబద్దలు పది కావలెను. అయిదు బద్దలతో ఒక నక్షత్రము, తక్కిన అయిదింటితో మరియొకటి కట్టవలెను. ఒక్కొక్క బద్ద ఒక కొననుండి ఎదుటి కొనకు పోవును. కొనలయొద్ద రెండేసి బద్దలను నూలుదారముతో బిగింపవలెను. అన్ని బద్దలును ఒక్క కొలతవైనచో ఆకారము తనంతట తానే కుదురును. రెండు నక్షత్రములను ఒకదానిపై నొకటి పెట్టి అయిదు కొనలును జతపరచి కట్టి, లోపల బద్దలు ఒకదానినొకటి దాటు అయిదు చోట్లను ఎనిమిదేసి అంగుళముల పుల్లలు నడుమ నిలిపినచో అది బొజ్జవలె ఉబ్బి నిలుచును. పిమ్మట గాలిపటముల కాగితము మైదాజిగురుతో అంటింపవలెను. వెనుకవైపున ఒక కాగితము అంటింపక విడిచినచో దీపము పెట్టుటకు వీలగును. లోపల పెట్టునది చిన్న ఎల్.ఇ.డి. దీపము కావలెను, వేడి అంతగా ఉండదు. కొవ్వొత్తిగాని ప్రమిదగాని పెట్టరాదు. పూర్వమట్లు పెట్టి నక్షత్రముతోకూడ చూరు కాల్చుకొన్నవారున్నారు.

జర్మనీదేశమున నీస్కీ యను నూర, మొరేవియను సంఘమువారి పాఠశాలలో, పందొమ్మిదవ శతాబ్దపు పూర్వభాగమున పిల్లలకు క్షేత్రగణితము నేర్పుటకై కాగితపు నక్షత్రములు చేయించెడివారు. తరువాత నవి క్రిస్మసు అలంకారములై దేశదేశములకు వ్యాపించినవి. మావారు ఉపాధ్యాయులగుటచే ఈ కథ వినినది మొదలు మా యింట నక్షత్రము కట్టునప్పుడెల్ల పిల్లలను కోణములు కొలువుమని వేధించుచున్నారు. కొనయొద్ద కోణము ముప్పదియారు భాగలుండవలెనట!

చెట్టు సంగతి క్లుప్తముగా చెప్పుదుము. ఆంగ్లదేశమున సయితము అది విస్తరించినది 1848లో విక్టోరియా రాణీ కుటుంబము చెట్టుచుట్టు నిలిచియున్న బొమ్మ యొక పత్రికలో అచ్చయిన తరువాతనే. మన కోస్తాలో సరుగుడు కొమ్మ తెచ్చి నిలుపు నాచారము చక్కనిది; సన్నని యాకులు గాలికి సవ్వడిచేయును. తడియిసుక నింపిన కుండలో నాటి దినమునకొకసారి నీరు పోసినచో పండుగవరకు పచ్చగా నుండును. దానిపై మంచు అని దూది పరచుట మాత్రము మాకు నచ్చదు. మన యూర ఎన్నడును పడని మంచునకై, దీపపుతీగల నడుమ త్వరగా మండునట్టి దూదిని పరచనేల? బంతిపూల దండలు ఈ మాసమున చవుక. అవి చాలును.

దీనికంటె పిల్లలకు ప్రియమైనది పశువులపాక. ఇటలీలో గ్రెచ్చో యను గ్రామమున 1223లో ఫ్రాన్సిసు సన్న్యాసి గడ్డియు తొట్టియు పెట్టి, ఎద్దును గాడిదను నిలిపి క్రీస్తుజనన దృశ్యమును పామరులకు కన్నులకు కట్టించెను. మనకు బొమ్మలకొలువు అలవాటే గనుక ఇది క్రొత్తగా తోచదు. కొండపల్లి పొనికికఱ్ఱ యావులు ఇంటనున్నచో వానినే పాకలో కట్టివేయుడు. గడ్డికి ఈ కాలమున కొదువలేదు. తల్లిబొమ్మ బంకమట్టితో పిల్లలే చేయుదురు. ముక్కు వంకరయైనను సరిదిద్దవలదు.

ఇక పిండివంటలు. ఇచ్చటనే ఇల్లాలి ప్రాణము పోవుచున్నది. కావున కొంచెము విపులముగా వ్రాయుదుము. నిలువయుండు వానిని ముందును, నిలువయుండని వానిని వెనుకను చేయవలెనన్నది అందరెరిగిన సూత్రమే, ఆచరించువారు తక్కువ. అరిసెలు రెండుమూడు వారములు నిలుచును. అయినను వానినే 23వ తేదీ రాత్రి మొదలుపెట్టుదురు! పదునైదు పదునారు తేదీలలోనే ముగింపవచ్చును. క్రొత్తబియ్యమును ఒక పగలు ఒక రాత్రి నానవేసి, నడుమ నీరు మార్చి, వడకట్టి, తడి ఆరకముందే దంచి జల్లించవలెను. కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము. పాకము నీటిలో వేసినప్పుడు మెత్తని యుండ కట్టవలెను. లేతపాకమైనచో అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరినచో పండ్లకు పరీక్ష. పొయ్యినుండి దింపిన పిదపనే నేయి, నువ్వులు వేసి, పిండి కొంచెము కొంచెముగా కలుపవలెను. పిండి నొకేసారి గ్రుమ్మరించి, పాకము చాలలేదని మరల బెల్లము కరగించుట వలన రెండును చెడును. వేగినదానిని చెక్కల నడుమ నొత్తి నూనె తీసి, పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టవలెను. వేడిమీద మూత పెట్టిన యరిసెలకు బూజు పట్టును.

జంతికలు, చక్రాలు ఆ మరుసటి వారమునకు. కజ్జికాయలు పచ్చికొబ్బరితో చేసినచో మూడునాళ్ళకంటె నమ్మరాదు. పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, చక్కెర కలిపినవి రెండువారములు నిలుచును. కావున ముందు చేయువారు ఇవి చేయుట మేలు. గులాబీపువ్వులకు అచ్చును కాగిన నూనెలో బాగుగా వేడిచేసి, పిండిలో ముక్కాలువంతు మాత్రమే ముంచవలెను. అచ్చు పూర్తిగా మునిగినచో పువ్వు ఊడిరాదు; కోపము మాత్రము వచ్చును.

పండ్లరొట్టె, అనగా కేకు, మన దేశమున మొదట తలచేరిలో 1883లో మాంబళ్ళి బాపు అను రొట్టెల వర్తకుడు ఒక దొర తెచ్చియిచ్చిన మాదిరి చూచి చేసెనని ప్రసిద్ధి. మద్యము వాడని యిండ్లవారు ఎండుద్రాక్ష, ఖర్జూరములను కమలాపండ్ల రసములో ఒక రాత్రి నానవేసినచో చాలును. ఎక్కువ దినములు నానవేయువారు శీతలపేటికలో ఉంచవలెను. ఆవెను లేనివారు కుక్కరు మూతకు రబ్బరుపట్టీ, ఈల తీసివేసి, అడుగున ఇసుక పరచి, దానిపై గిన్నె నుంచి సన్నని సెగపై కాల్చుకొనవచ్చును. కేకు రెండుమూడు దినములు నిలిచినకొలది రుచి హెచ్చును గనుక 22వ తేదీకే కానిండు. పండుగనాటి మధ్యాహ్నమునకు పులిహోర, కోడికూర, పెరుగుపచ్చడి, ఒక్క తీపి. పండ్రెండు వంటకములు చేసి యే యొక్కటియు ఎవరును తృప్తిగా తినకుండుట మర్యాద యనిపించుకొనదు. కూరకు మసాలా ముందునాడే నూరియుంచుడు. అన్నము దింపుట, వడ్డించుట పురుషులకు అప్పగించుడు. వారికి తెలియదనుట మనము పెట్టిన పేరే.

ఖర్చును గూర్చి మృదువుగా వ్రాయజాలము. నెలజీతముపై నడచు ఇండ్లలో క్రిస్మసు బట్టలబాకీ మరుసటి వేసవివరకు వాయిదాలుగా తీర్చువారిని మేమెరుగుదుము. జూనులో బడి తెరచినప్పుడు పుస్తకములకు డబ్బులుండవు. భారతమున అరణ్యపర్వములో ద్రౌపది సత్యభామతో మాటలాడుచు పాండవుల యాదాయవ్యయములన్నియు తనకు తెలిసియుండెడివని చెప్పును. చక్రవర్తుల యింట నది అవసరమైనప్పుడు మన యింట గాదా? డిసెంబరు మొదటి తేదీన ఒక కాగితముపై బట్టలు, సరకులు, కానుకలు, దేవాలయపు చందా అని నాలుగు మాటలు వ్రాసి, వాని యెదుట అంకెలు వేసి, భార్యాభర్తలిద్దరును చూడవలెను. కొరతవచ్చినచో మొదట తగ్గింపవలసినది పెద్దల బట్టలు. ఉతికి ఇస్త్రీచేసిన పట్టుచీర పండుగకు తగినదే. ఇంట పనిచేయు మనిషికిచ్చు చీర మాత్రము తగ్గింపరాదు, పండుగ వెళ్ళినపిదప ఇయ్యనురాదు. ఆమెకును కుట్టుపనివానియొద్దకు పోవలసియుండును గదా!

ఆచారములలో మాకు మిక్కిలి ఇష్టమైనవి రెండు. మొదటిది పాట. రాత్రివేళ పాటలవారు డోలకుతో వీధివీధి తిరిగివచ్చునప్పుడు తలుపు తీయుటకే సోమరులగువారున్నారు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన రాగములలో కూర్చిన కీర్తనలుండగా పిల్లలకు చలనచిత్రపు బాణీలే తెలియుట విచారకరము. దినమునకొక్క చరణము నేర్పినచో నాలుగువారములలో నాలుగయిదు కీర్తనలు వచ్చును. లోకమంతట పాడబడు ‘ప్రశాంతరాత్రి’ పాటకు 1818లో ఆస్ట్రియాదేశమున స్వరము కూర్చిన ఫ్రాంజు గ్రూబరు గ్రామ పాఠశాల ఉపాధ్యాయుడే. ఈ సంగతి మేము రెండుమారులు చెప్పినచో మావారు మూడవమారు కూడ వినగోరుదురు.

రెండవది పిడికెడు బియ్యము. అన్నమునకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు వేరుకుండలో వేయుట కొన్ని యిండ్లలో గలదు. పిడికిలికి నలువది గ్రాముల చొప్పున, రెండుపూటలకు, ఇరువదియెనిమిది దినములలో రెండుకిలోలకు మించును. మెదకు పట్టణమున 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన గొప్ప దేవాలయమును పోస్నెట్టుదొరగారు కట్టించునపుడు కరవుచే నలిగిన జనులకు పనికల్పించి అన్నము పెట్టిరని ప్రసిద్ధి. అంత చేయుట మనవలన కాదు. ఈ రెండుకిలోల బియ్యము పండుగకు వారము ముందే ఒక యింటికి చేర్చుట మనవలన నగును. పండుగనాడు చేర్చినచో వారికి వండుకొను తీరికయుండదు.

ఆ సంవత్సరమున మరణము సంభవించిన యింట పిండివంటల బాణలి పెట్టరు. బంధువులును ఇరుగుపొరుగువారును పంపవలెను. ఇది హిందువుల యిండ్లలోను క్రైస్తవుల యిండ్లలోను ఉన్న మన పాతమర్యాద, పట్టణములలో మరచిపోవుచున్నాము. అట్టి యింటికి పంపునప్పుడు పిల్లలచేత పంపి ఊరకుండరాదు. ఇల్లాలు తానే 24వ తేదీ సాయంకాలము, పొయ్యి ఆర్పిన పిదప, స్నానముచేసి వెళ్ళవలెను. పళ్ళెములో ఏడెనిమిది రకములు ప్రదర్శింపక, ఆ యింటివారి సంఖ్య చూచి అరిసెలును జంతికలును పెట్టుడు. పళ్ళెము ఖాళీచేసి వెంటనే యిమ్మని అడుగక అచ్చటనే విడిచిరండు. కొంతసేపు కూర్చుండుడు. గంట మ్రోగువేళకు ఆ యింటి యామె రాదలచుకొన్నచో మీతోకూడ వచ్చును.

సంక్రాంతి పిండివంటలను గూర్చి వచ్చు సంచికలో వ్రాయుదుము.