తాంబూల మర్యాదయు, పొట్లపు వక్కయు



మన దేశమునకు వచ్చిన పరదేశి యాత్రికులలో పెక్కురు మన తాంబూలమును గూర్చి వ్రాయక విడువలేదు. పదుమూడవ శతాబ్దాంతమున వెనిసు నగర వర్తకుడగు మార్కోపోలో మన తీరపు మోటుపల్లిని, దాని నేలుచున్న రాణిని గూర్చి వ్రాసెను. ఆ రాణి రుద్రమదేవియని చరిత్రకారులందురు. దక్షిణమున కాయల్ రేవును వర్ణించుచు, అచటివారును తక్కిన హిందూదేశస్థులును ‘తెంబూల్’ అను ఆకును ఎల్లవేళల నోట నుంచుకొందురనియు, ప్రభువులు దానిలో కర్పూరమును, సుగంధద్రవ్యములను, సున్నమును చేర్పింతురనియు అతడు చెప్పెను. ఒకని ముఖముపై ఆ రసము నుమియుట ఘోరావమానమనియు, అవమానితుడు రాజునొద్దకేగి ద్వంద్వయుద్ధమునకు అనుజ్ఞ వేడుననియు గూడ వ్రాసెను. పదునాలుగవ శతాబ్దపు యాత్రికుడగు ఇబన్ బటూటాకు, ఈ దేశమున ఆకు లిచ్చుట వెండిబంగారము లిచ్చుటకంటె గొప్ప మర్యాదగా దోచెను. 1443లో పారశీక ప్రభువు రాయబారిగా విజయనగరమునకు వచ్చిన అబ్దుర్ రజాక్‌ను దేవరాయలు తాంబూల కర్పూరములతో గౌరవించెను.

ఈ మువ్వురును మన భాష నెరుగనివారు. అయినను ఒక్క సంగతిని చక్కగా గ్రహించిరి. ఆకు నోటికొరకు మాత్రమే పుట్టినది కాదు. ఒకరు మరియొకరికి ఇచ్చుటకొరకు పుట్టినది.

నేటి యాత్రికుడు హనుమాన్ జంక్షనులో బస్సు దిగినచో నేమి చూచును? విజయవాడ నుండి ఏలూరు పోవు రహదారిని నూజివీడు బాటయు, గుడివాడ బాటయు కలియు కూడలి యిది. ఊరికి పేరిచ్చిన ఆంజనేయస్వామి కోవెల యిచటనే యున్నది. స్వామికి తమలపాకుల దండ వేయుటయు, ఆకుపూజ చేయించుటయు మన యాచారము. అశోకవనమున సీతమ్మవారు పూవులు దొరకక తమలపాకు తీగనే హనుమంతుని మెడలో వేసి దీవించెనని పెద్దలు చెప్పుదురు. యాత్రికుడు ఆ యాకును చూచి చేయెత్తి మ్రొక్కును. పిమ్మట, ఈ కూడలియందే కాదు, ఏ కూడలియందైనను, బడ్డీకొట్టు వైపు తిరిగిన యెడల తోరణములవలె వ్రేలాడు వక్కపొడి, పాన్ మసాలా పొట్లములను చూచును. రెంటిలో నేది మన సంస్కృతియని అతడు వ్రాసికొనవలెను?

ఆకు మనది, పొట్లము మనది కాదని నా నిశ్చితాభిప్రాయము. తాంబూలమునకు ఇరువురుండవలెను. పెండ్లి స్థిరపడినదనుటకు తాంబూలములు పుచ్చుకొందుము. పేరంటమునకు వచ్చిన యామెకు పసుపు కుంకుమలతో ఆకువక్క లిత్తుము. భోజనానంతరము అతిథికి తాంబూలపు పళ్ళెము చూపుదుము. మన సంఘమునకు బాండు పత్రమెట్టిదో మన తాతలకు తాంబూలమట్టిది. పుచ్చుకొన్న పిదప మాట తప్పరాదు. పొట్లమునకో, రెండవ మనిషి యక్కరలేదు. చేలో పనిచేయువాడును, లారీ తోలువాడును ఒంటరిగా చింపి నోట పోసికొనును. అందు మర్యాద లేదు. అలవాటు మాత్రమే కలదు.

ఆ యలవాటు వలని కీడును దాచుట తగదు. వక్కలోని అరెకోలిన్ అను పదార్థము మనిషిని మరల మరల దానినే కోరునట్లు చేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన సంస్థ, వక్క మనుష్యులకు కేన్సరు కలిగించునని 2004లో ప్రకటించెను. పొగాకు లేకున్నను, వక్క చేరిన తాంబూలమును నిత్యము నమలుట అపాయకరమేయని తేల్చెను. మొదట కారము తగిలిన నోరు మండును. పిదప బుగ్గలు లోపల గట్టిపడి నోరు బిగియును. అందు కొందరికి కేన్సరు పుట్టును. 2011 నాటి భారత ఆహార భద్రతా నిబంధనలు తినుబండారములలో పొగాకు కలుపరాదని శాసించినవి. అంతట వర్తకులు మసాలా నొక పొట్లమునను, పొగాకును వేరొక పొట్లమునను అమ్మజొచ్చిరి. కలుపు పని కొనువానిదైనది!

“మా తాత తొంబదియేండ్లు వక్క నమలెను, ఏమైనది?” అని యడుగువారు గలరు. బ్రతికిన తాత అరుగుమీద కూర్చుండి కనబడును. నలువదియేండ్లకే పోయినవాడు కనబడడు. విత్తనశుద్ధి చేయక యొక్కయేడు పండించినవాని మాట విని ఊరెల్ల అట్లే విత్తునా?

మరి ఆకుతోట రైతు గతి యేమి? ఈ ప్రశ్న న్యాయమైనది. అవిసె చెట్లకు తీగలు ప్రాకించి, నీరు నిలువకుండ కాలువలు తీసి, కుళ్లు తెగులునకు బోర్డో మిశ్రమము పోసి, పసిబిడ్డవలె తోటను పెంచువాడు అతడు. కాని విచారింపుడు: పొట్లములో వక్క, సున్నము, కాచు, పరిమళద్రవ్యములు గలవు, ఆకు లేదు. పొట్లము కొనువాడు ఆకు కొనడు. కావున ఆకుతోటకు పొట్లమే పోటీ. లవంగము, ఏలకి, సోంపు, కొబ్బరి చుట్టి యిచ్చిన చిలుకకు ఆకు కావలెను, పూజకు కావలెను, పెండ్లికి కావలెను.

వక్క పండించు రైతును కూడ నేను నిందింపను. 1970 ప్రాంతమున ధర పడిపోయినప్పుడు కర్ణాటక, కేరళ రైతులు కూడుకొని 1973లో మంగళూరున క్యాంప్‌కో అను సహకార సంఘమును స్థాపించిరి. వక్కతోపాటు కోకోను గూడ చేపట్టి, 1986లో పుత్తూరున చాకొలెట్ కర్మాగారమును నెలకొల్పిరి. ఒక్క పంటపైననే బ్రతుకు నిలుపరాదని వక్క రైతులే మనకు నేర్పిరి.

కావున మన సంఘములు చేయదగినవి మూడు. మన డిపోలలో వక్కపొడి, పాన్ మసాలా, పొగాకు పొట్లములను అమ్మరాదు. సమావేశములకు వచ్చువారికి వక్క లేని సుగంధపు చిలుకయు, ఒక పండును ఇయ్యవలెను. శుభకార్యములందు వక్కను మర్యాదకొరకు పళ్ళెమున నుంచినను, అందుకొన్నవారు నమలనక్కరలేదు; గౌరవము పుచ్చుకొనుటయందు గలదు గాని నమలుటయందు లేదు.

ఇక ప్రతి సభ్యుడును ఇంటనే చేసికొనదగిన పరీక్ష యొకటి. తన చేతి మూడు వ్రేళ్లను ఒకదానిపై నొకటిగా నిలువున నోట పెట్టి చూచుకొనవలెను. పట్టకున్న యెడల ఆ దినమే నమలుట మాని, జాగు చేయక దంతవైద్యునికి చూపించుకొనవలెను.

రానున్న సర్వసభ్య సమావేశమున ఈ మూడు విషయములను తీర్మానముగా ప్రతిపాదించి చర్చింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాను.